ఖాళీ వదలని నెల

మొదలుపెట్టిన రోజున అతని చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు, కాలితో తొక్కితే మాట కదిలి, కాలు తీస్తే మాట ఆగే పెడలు ఒకటి, చెవులు మూసే హెడ్‌ఫోను, టైర్ల షాపు మీద ఒక అద్దె గది, ఒక డాక్టరుగారి గొంతు. వీటిలో సొంతమని గట్టిగా చెప్పుకోగలిగినవి తన రెండు చెవులే. చెవులకి అద్దె కట్టక్కర్లేదు, అరుగుదల కూడా తక్కువ, కాబట్టి పెట్టుబడిగా పనికొస్తాయని లెక్క వేసుకున్నాడు. చాలా ఏళ్ళ వరకు ఆ లెక్క తప్పలేదు.

పని చెప్పుకోవడానికి తేలికే. డాక్టరు రోగిని చూస్తాడు. చూసిందంతా కూర్చుని రాసే తీరిక ఉండదు గనక రికార్డరులోకి గబగబా చెప్పేస్తాడు. ఆ మాటలు ఇతని దగ్గరికొస్తాయి. విని, పొల్లుపోకుండా టైపు చేసి, ఆస్పత్రికి తిరిగి పంపాలి. డాక్టరు చదివి సంతకం పెట్టాడంటే ఇక ఆ కాగితమే రోగికి జాతకం. తర్వాత ఏ నర్సు సూది వేసినా, ఏ సర్జన్ కత్తి పట్టినా ముందు దాన్నే చూస్తారు.

వ్యాపారం కుదురుకున్నాక గదిలో కుర్చీలు పెరిగాయి. కుర్చీకొకరు, చెవులు మూసుకుని, నలుగురిలో ఉంటూనే ఎవరికి వారు ఎక్కడో ఉన్నట్టు టైపు చేసేవారు. వాళ్ళంతా అతన్ని పెడల్ బాబాయి అనేవారు. టీ తాగుతున్నప్పుడు కూడా ఆయన కుడికాలు నేలని తొక్కుతూ ఉంటుందని, అక్కగారు ఫోన్‌లో చీవాట్లు పెడుతుంటే ఆపడానికి బల్ల కింద పెడలు వెతుక్కుంటాడని చెప్పుకుని నవ్వుకునేవారు. అందులో అబద్ధం లేదు.

కొత్తగా చేరిన ఎవరికైనా అతను మొదట నేర్పేది ఒకటే. మాట వినపడకపోయినా, విన్నదానికి పొంతన కుదరకపోయినా అక్కడ ఊహించి రాయకూడదు. ఒక గీత గీసి ఖాళీ వదలాలి. కాగితం అడుగున డాక్టరుకి ఒక ముక్క రాయాలి, ఫలానా చోట తెలియలేదు, దయచేసి చెప్పండి అని. బుద్ధిమంతుడైన కొట్టువాడు తన దగ్గర లేని సరుకు లేదనే చెబుతాడు, దానికి దగ్గరగా ఉన్నదేదో పొట్లం కట్టి ఇవ్వడు. ఆ గీతలే మన పరువు అనేవాడు.

తర్వాత మాటని తనంతట తనే విని రాసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మొదట్లో దాని రాతలు చూసి గదంతా పగలబడి నవ్వింది. ఏడాది తిరిగేసరికి నవ్వు తగ్గింది. ఇంకొంత కాలానికి కుర్చీలే తగ్గాయి. డాక్టర్లు ఒక్కొక్కరే అటు జరుగుతుంటే పెడల్ బాబాయి ఎవరినీ తిట్టలేదు. పక్కన ఇంకొకడు కొట్టు తెరిచి అదే సరుకు త్వరగా, చవగ్గా ఇస్తుంటే కొనేవాళ్ళ మీద అలిగి ఏం లాభం? అతను ఆ మిషన్‌ని తెప్పించుకుని పరీక్ష చేసి కూడా చూశాడు. అలసిపోదు, ఆవలించదు, దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా మాట వదలదు. బాగుంది అని ఒప్పుకున్నాడు. ఖాళీ వదలడం మాత్రం దానికి తెలియదు. ఏదో ఒకటి రాసే తీరుతుంది.

కుర్చీలన్నీ పోయాక మిగిలింది అతనిది ఒక్కటే. మిగిలిన గొంతూ ఒక్కటే. మొదటి రోజు వచ్చిన గొంతే అది, గుండె జబ్బుల పెద్ద డాక్టరుది. నేను చెప్పుకునేది మనిషికి చెప్పుకుంటాను, పెట్టెకి కాదు అని ఆయన ఆస్పత్రిలో మొండికేశాడట. ఆయన పెద్దరికం చూసి వాళ్ళూ ఊరుకున్నారు.

చిత్రమేమిటంటే వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. డాక్టరు గొంతు మాత్రం ఇతనికి సొంత అక్కగారి గొంతు కంటే బాగా తెలుసు. జలుబు చేయబోతుందంటే ముందురోజే పోల్చేవాడు. గొంతు వెనక తిరిగే ఫ్యాను, కప్పులో చెంచా చప్పుడు, ఎప్పుడూ సగంలోనే ఆగే తలుపు కిర్రు, అన్నీ తెలుసు. రిపోర్టు చెప్పడం అయిపోయాక డాక్టరు ఒక్కోసారి టైపు చేయకూడని మాటలు కూడా చెప్పేవాడు. అబ్బాయ్, వాన పడుతోంది, గొడుగు తెచ్చుకున్నావా అని. అబ్బాయ్, నిన్న నువ్వు కామా పెట్టిన చోట నాకు ఊపిరాడింది అని. దానికి ఇతను జవాబు చెప్పే దారి ఒకటే, కాగితం అడుగున రాసే ముక్క. డాక్టరుగారూ, రెండో పేరాలో మోతాదు వినపడలేదు, గొడుగు తెచ్చుకున్నాను అని రాసేవాడు.

గదిలో ఇంకా కుర్చీలున్న రోజుల్లో, భార్య పోయినప్పుడు కొన్ని రోజులు ఇతని బదులు ఇంకొకరు టైపు చేశారు. మళ్ళీ కూర్చున్న రోజు రికార్డింగ్ చివర డాక్టరు అడిగాడు, మధ్యలో వేరే చెయ్యి పడింది, అంతా కులాసాయేనా అబ్బాయ్ అని. మా ఆవిడ పోయిందండి, మూడో పేరాలో మందు పేరు తెలియలేదు అని ఇతను అడుగున రాశాడు. మర్నాటి రికార్డింగ్ మొదట్లో మాట లేదు. ఫ్యాను తిరుగుతోంది. చాలాసేపు తిరిగింది. డాక్టరు అక్కడే కూర్చుని ఉన్నాడని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకుని మందు పేరు చెప్పి, ఆ రోజు రోగి సంగతి మొదలుపెట్టాడు. పరామర్శకి చాలామంది వచ్చారు, చాలా చెప్పారు. పెడల్ బాబాయికి గుర్తుండిపోయింది ఆ ఫ్యాను చప్పుడే.

పిల్లలు లేరు. వచ్చి తన దగ్గర ఉండమని అక్క పోరేది. ఎన్నాళ్ళురా ఒంటికాయ సొంటికొమ్ములా, ఆ టైర్ల కంపు మీద కూర్చుని ఎవడి జబ్బులో వింటూ అనేది. పనుంది అక్కా అనేవాడు. పని అంటే ఆ గొంతేనని అక్కకి చెప్పేంత సూటిగా తనకీ చెప్పుకోలేదు. పొద్దున్న పాలవాడికి ఒక మాట, కింద టైర్ల షాపువాడికి ఒక మాట పోగా, రోజంతా అతని చెవిన పడే మనిషి గొంతు అదొక్కటే.

తేడా మొదట ఒక కాలి దగ్గర కనిపించింది. మొదట్లో ఎడమకాలిలో వాపు అన్న డాక్టరు, చివరికొచ్చేసరికి కుడికాలు అన్నాడు. అలవాటు ప్రకారం ఇతను గీత పెట్టి అడిగాడు. ఎడమే అబ్బాయ్, స్పష్టంగా అన్నానుగా అని జవాబు వచ్చింది. పాతది మళ్ళీ పెట్టుకుని విన్నాడు. అనలేదు. ఇంకో రోజు ఎప్పుడో ఆపేసిన మాత్రని ఇంకా వాడుతున్నట్టు చెప్పాడు. మరో రోజు రోగి వయసు తేడా. ప్రతిసారీ గీత, ప్రతిసారీ అదే జవాబు. చివరికి డాక్టరు నవ్వుతూ, నీ చెవులు ఎవరికైనా చూపించుకో అబ్బాయ్ అన్నాడు.

ఇతను నిజంగానే చూపించుకున్నాడు. గాజుతలుపు వేసిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నారు. దోమ రెక్కంత చప్పుడికి కూడా నొక్కాడు. మీ వయసుకి ఈ చెవులు లాటరీ అండీ అంది పరీక్ష చేసిన అమ్మాయి. అతనికి సంతోషం వేసింది. మెట్లు దిగేలోపే ఆ సంతోషం ఇగిరిపోయింది. సరుకులో తేడా ఉంది. తూచే కాటాలో లేదంటే, ఇక తేడా ఎక్కడున్నట్టు?

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గీత పెట్టిన ప్రతిసారీ ఆయన నవ్వులో ఏదో వణుకు వినపడసాగింది. అది వినలేకపోయాడు. ఆ డాక్టరు రోగుల పాత రిపోర్టులన్నీ తన కంప్యూటరులోనే ఉన్నాయి. వాటిని చూసి, ఏది నిజమో తేల్చి, నిజమే టైపు చేసి పంపడం మొదలుపెట్టాడు. ఇది ఊహించడం కాదుగా, రుజువు చూసి రాయడమేగా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. మొదట్లో ఎప్పుడో ఒకటి. పోనుపోనూ రోజూ. డాక్టరు సంతకాలు పెడుతూనే ఉన్నాడు. నవ్వులో వణుకు పోయింది. ఇద్దరికీ లాభసాటి బేరమే అనిపించింది.

అప్పుడు ఆస్పత్రి రికార్డుల మేనేజరు పిలిపించాడు. మర్యాదస్థుడు, కుర్చీ చూపించి టీ తెప్పించి మరీ చెప్పాడు. ఒక్క డాక్టరు కోసం వేరే ఏర్పాటు ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు. ఒక నెలపాటు పెద్ద డాక్టరుగారి మాటలు మీకూ పంపుతాం, మిషన్‌కీ పంపుతాం. ఎవరి కాగితంలో తప్పులు, ఖాళీలు తక్కువగా ఉంటే వారిదే పని. మీరు గెలిస్తే ఆయన ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ మీ జోలికి రాం. మిషన్ గెలిస్తే ఆయన్ని నేనే ఒప్పిస్తాను అన్నాడు.

ఖాళీలు కూడానా అని అడిగాడు పెడల్ బాబాయి. ఖాళీ అంటే డాక్టరుగారి టైము మళ్ళీ ఖర్చవడమేగా, అది తప్పు కిందే లెక్క అన్నాడు మేనేజరు.

తిరిగి వస్తుంటే బస్సులో లెక్క తేలిపోయింది. ఇన్నాళ్ళూ పరువు అనుకున్న గీత ఇకనుంచి తప్పు. సరే, గీతలే ఉండవు. ఆ నెలలో అతను ఒక్క ఖాళీ కూడా వదలలేదు. పొంతన కుదరని ప్రతి మాటకీ పాత రిపోర్టులు తవ్వాడు. భోజనం వేళ దాటిపోయేది, కింద టైర్లు కొట్టే సుత్తి చప్పుడు ఆగిపోయేది, అప్పుడుగానీ పొద్దుపోయిందని తెలిసేది కాదు. ఆ గొంతు పోతే గదిలో ఏం మిగులుతుందో అతనికి తెలుసు. ఖాళీ కుర్చీల వైపు చూడకుండా టైపు చేశాడు.

నెల సగం పైన గడిచాక ఫోను వచ్చింది. ఒకప్పుడు ఇతని గదిలో మూడో కుర్చీలో కూర్చున్న అమ్మాయి, పని నేర్చుకున్నదీ ఇక్కడే. కుర్చీలు పోయాక ఆస్పత్రిలో మిషన్ రాసినదాన్ని సరిచూసే పనిలో చేరింది.

"బాబాయ్, నువ్వే గెలుస్తున్నావ్," అంది.

"ఆ మాట నవ్వుతూ చెప్పొచ్చుగా, పిసినారిదానా."

ఆమె నవ్వలేదు. "నేను ఆడియో విన్నాను. మిషన్ తప్పు వినలేదు బాబాయ్. ఆయన కుడి అనే అన్నారు, అది కుడి అనే రాసింది. నువ్వు ఎడమ అని రాశావు."

"ఎడమే నిజం."

"నిజమే. అందుకే తప్పు దాని మీద పడింది. మేనేజరుగారు ఆడియో వినరు. రెండు కాగితాలూ, రోగి ఫైలూ పక్కపక్కన పెట్టి చూస్తారంతే. మిగతా డాక్టర్లందరి దగ్గరా బుద్ధిగా రాసే మిషను ఈయన దగ్గరే ఇన్ని తప్పులు ఎందుకు చేస్తోందని అనుమానమొచ్చి నేను విన్నాను."

"అయితే మంచిదేగా. పోటీ పోటీయే."

"మంచిది ఎవరికి?"

బల్ల కింద అతని కాలు నేలని వదిలింది. మాట ఆగలేదు.

"నెలాఖరు దాకా నోరెత్తను," అంది ఆమె. "అన్నం పెట్టిన చెయ్యి నీది. ఆ తర్వాత మాత్రం నావల్ల కాదు. ముందు నువ్వే చెప్పేస్తే నాకు ఆ పాపం తప్పుతుంది."

ఫోను పెట్టేశాక అతనికి ఆ పిల్ల మీద కోపం వచ్చింది. నేర్పిన పనే ఎదురుతిరిగితే వచ్చే కోపం అది, ఎక్కువసేపు నిలవదు. అడకత్తెరలో పోకచెక్కలా పడ్డానని తెలిసింది. చెబితే డాక్టరు చేత ప్రాక్టీసు మాన్పిస్తారు, గొంతు పోతుంది. చెప్పకపోతే గెలుస్తాడు, గొంతు ఉంటుంది. రోగులకి నష్టం లేకుండా తను చూసుకుంటున్నాడుగా? ఆ చివరి ముక్క దగ్గరికి వచ్చి లెక్క ఆపేసేవాడు. కొట్టు మూసే వేళ చిల్లర మళ్ళీ లెక్కపెట్టడానికి భయపడే వాడిలా.

నెల ముగియబోతుండగా ఒక ఉదయం కొత్త రోగి రికార్డింగ్ వచ్చింది. బస్సు డ్రైవరు, ముందురోజు ఛాతీనొప్పితో చేరాడు. ఈ ఆస్పత్రికి రావడం ఇదే మొదలు. డాక్టరు గొంతు ఆ రోజు హుషారుగానే ఉంది. మొదట్లో ఒక సూదిమందు పేరు చెప్పి, అది ఇతనికి పడదు, ఒకసారి వేస్తే నాలుక వాచి ఊపిరాడలేదట అన్నాడు. చివర, మధ్యాహ్నం నుంచి వేయవలసిన మందుల్లో అదే సూదిమందు చెప్పాడు. తర్వాత, అబ్బాయ్, ఇవాళ ఎండ మండిపోతోంది, కిటికీ మూసుకో అన్నాడు.

పెడల్ బాబాయి మళ్ళీ విన్నాడు. రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఏదో ఒకటి నిజం. పడదన్న మాట ఇంకెవరి సంగతో ఇక్కడికి జారిపడి ఉండొచ్చు, అప్పుడు మందు ఆపితే ఈ మనిషికి చేటు. పడదన్నదే నిజమైతే మందు వేసినా చేటే. చెయ్యి అలవాటుగా పాత రిపోర్టుల వైపు వెళ్ళింది. కొత్త మనిషి. పాత రిపోర్టు లేదు.

గీత పెట్టి పంపొచ్చు. అడుగున ముక్క రాస్తే రేపు జవాబు వస్తుంది. అది కూడా ఈ రెండు మాటలూ అన్న నోటి నుంచే వస్తుంది. ఛాతీనొప్పి మనిషి గనక మందులు వార్డుకి ముందే నోటితో చెప్పి ఉంటాడు, సూది మధ్యాహ్నమే వేస్తారు. వార్డుకి ఫోన్ చేశాడు. మీరెవరండీ అని అడిగింది నర్సు. రిపోర్టులు టైపు చేసేవాణ్ణి అంటే, మందులు మార్చమని మీరు చెబితే ఎలా, డాక్టరుగారి చేత చెప్పించండి అని పెట్టేసింది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. డాక్టరుగారి ఫోను నంబరు ఇన్నేళ్ళలో తనకి అవసరమే పడలేదు.

గది తాళం వేసి, మెట్లు దిగి, మొదట వచ్చిన బస్సు ఎక్కాడు.

డాక్టరు గది తలుపు తోస్తే సగంలో కిర్రుమని ఆగింది. లోపల ఫ్యాను తిరుగుతోంది. కళ్ళు మూసుకున్నా అది ఏ గదో చెప్పగలడు, కళ్ళు తెరిస్తే మాత్రం పరాయిచోటులా ఉంది. తను అనుకున్నదాని కంటే చాలా చిన్నది. ఇన్నేళ్ళుగా కిటికీ అవతల పిట్ట అనుకున్నది ఫ్యాను మరచప్పుడు. బల్ల వెనక సన్నటి ముసలాయన, కప్పులో చెంచా తిప్పుతూ తలెత్తి చూశాడు.

"అపాయింట్‌మెంటు ఉందా?" అన్నాడు. ఆ గొంతు ఒక నోటిలోంచి రావడం ఇతను మొదటిసారి చూశాడు. పైగా ఆయన ఇతని గొంతు ఎప్పుడూ వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. పోల్చుకోవడానికి ఆయన దగ్గర ఇతనిది ఏమీ లేదు.

"నేనండి. మీ రిపోర్టులు టైపు చేసేవాణ్ణి."

డాక్టరు కళ్ళజోడు సర్దుకుని నిదానంగా చూశాడు. "అబ్బాయ్ అంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. నా వయసుకి దగ్గర్లోనే ఉన్నావే. కూర్చో. ఎండన పడి వచ్చావు, ఏమైంది?"

బస్సు డ్రైవరు సంగతి చెప్పాడు. ఏది నిజమండీ అని అడిగాడు. డాక్టరు చెప్పబోయి ఆగాడు. చెంచా కప్పులోనే వదిలేశాడు. నుదురు ముడిపడింది, విడిపోయింది. ఇతనికి అలవాటైన ఊపిరే, ఇప్పుడు ఎదురుగా, తడబడుతూ వెతుకుతోంది. ఆ వెతుకులాట ఎంతసేపు సాగిందో గానీ ఏమీ దొరకలేదు.

డాక్టరు ఫోను అందుకుని వార్డుకి చెప్పాడు. ఆ సూది ఆపండి, ఆ మనిషినే అడగండి, నేను లైన్‌లో ఉంటాను అన్నాడు. ఇద్దరూ ఫ్యాను వింటూ కూర్చున్నారు. జవాబు వచ్చింది. పడదు. ఒకసారి వేస్తే చావు తప్పి బయటపడ్డాడు, పొద్దున్నే డాక్టరుగారికి చెప్పానే అంటున్నాడట. నర్సు అప్పటికే సూదిమందు తీసి పక్కన పెట్టుకుందట.

ఫోను పెట్టేసి డాక్టరు చాలా నెమ్మదిగా అడిగాడు. "ఇదే మొదటిసారా?"

కాదన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"కొన్నాళ్ళుగా అండీ."

"ఎన్నాళ్ళు అబ్బాయ్?"

"ఏడాది దాటింది."

డాక్టరు బల్ల మీద అరచేతులు పరిచి వాటినే చూస్తూ చెప్పాడు. "ఇంట్లో తాళాలు మరిచిపోతున్నాను. మనవరాలి పేరు నోటికి రాదు. అనుమానం రాక కాదు. వచ్చింది. అందుకే నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. రోజూ సంతకం పెట్టేముందు నా రిపోర్టులు ప్రతి అక్షరం చదివాను. ఒక్క తప్పు లేదు. మతిమరుపు ఇంటి దగ్గరే, పని దగ్గర నేను భేషుగ్గా ఉన్నాను అనుకున్నాను." తలెత్తాడు. "నేను చదివింది నిన్ను అన్నమాట."

మేలు చేస్తున్నానని కొంత, వ్యాపారం నిలబెట్టుకుంటున్నానని కొంత అనుకున్నాడు పెడల్ బాబాయి. ఆయన తన కాగితాల్లో తనని చూసుకుంటున్నాడని ఏ రోజూ తట్టలేదు.

"ఈ నెల నా మాటలు మిషన్‌కీ పంపుతున్నారట. అదేం రాసింది?" అన్నాడు డాక్టరు.

"మీరు ఎలా చెప్పారో అలాగే."

"తెప్పించు."

మూడో కుర్చీ అమ్మాయి ఆ నెల కాగితాలన్నీ కట్టగా తెచ్చి బల్ల మీద పెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి వెళ్ళిపోయింది. డాక్టరు చదివాడు. ఒక్కొక్క కాగితం మీద తను అన్న తప్పు కింద తనే పెన్నుతో గీసుకుంటూ చదివాడు. కొన్నిచోట్ల ఆగి, ఇది కూడానా అన్నాడు. వెళ్ళమంటే వెళ్ళిపోదామని ఇతను చూశాడు. వెళ్ళమనలేదు. కట్ట అయిపోయాక డాక్టరు పెన్ను మూత పెట్టాడు.

"దీనికి నా మీద జాలి లేదు. నెల కిందటే దీని కాగితాలు చదివి ఉంటే నెల కిందటే మానేసేవాణ్ణి," అన్నాడు. కాసేపటికి, "నువ్వు చెడ్డవాడివి కాదు. కానీ నువ్వు చేసిన పని నాకు చెడు చేసింది," అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఇతనికి. కోపానికైతే బదులిచ్చే దారి ఉంటుంది.

ఆ వారంలోనే పెద్ద డాక్టరు రోగుల్ని చూడటం మానేశాడు. మేనేజరుకి ఆయనే జరిగింది చెప్పాడు. పోటీ రద్దయింది. ఏడాది పొడవునా ఇతను సరిచేసి పంపిన రిపోర్టులన్నీ వేరే డాక్టర్లు ముందేసుకుని, రోగుల్ని పిలిపించి మళ్ళీ చూశారు. ఆ రోజుల్లో పెడల్ బాబాయి ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. చాలావరకు ఏమీ కాలేదని అమ్మాయి చెబుతూ వచ్చింది. ఒకావిడ విషయంలో మాత్రం అయింది. ఆమె మాత్ర ఆపేయమని డాక్టరు చెప్పింది మతిమరుపుతో కాదు, ఆలోచించే చెప్పాడు. ఇతను పాత రిపోర్టు చూసి, వాడుతున్నట్టే రాశాడు. ఆ మాత్ర తెచ్చిన కళ్ళుతిరుగుడికి ఆవిడ ఇంట్లో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏ తప్పు నిజంగా తప్పో చెప్పడానికి తనెవరు? గీత పెట్టి ఉంటే ఆ చెయ్యి విరిగేది కాదు.

ఆస్పత్రి అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. వాళ్ళ చోట తనున్నా తీసుకోడు. టైర్ల షాపు మీద గది వదిలేశాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి మిషన్లు రాసిన ముక్కలు సరిచూస్తాడు. ముక్క వస్తుంది, పోతుంది. ఒక గొంతు రెండోసారి రాదు. చెప్పేవాళ్ళకి ఎవరో వింటున్నారని తెలియదు. ఎండ సంగతి ఎవరూ చెప్పరు.

ఒకరోజు ఉండబట్టలేక నంబరు కనుక్కుని డాక్టరు ఇంటికి ఫోన్ చేశాడు. ఆ గొంతే ఎత్తింది. ఊపిరి, తడబాటు, అన్నీ తెలిసినవే. ఎవరూ అని అడిగింది. నేనండి, టైపు చేసేవాణ్ణి అన్నాడు.

"ఇప్పుడు నాకు టైపు చేయించే పనేం లేదు బాబూ," అంది గొంతు మర్యాదగా. "ఉంటే కబురు చేస్తాను."

అలాగేనండి అని పెట్టేశాడు.

అక్క అడిగింది, ఇన్నేళ్ళు ఆ కొట్టు నడిపి చివరికి మూటగట్టుకున్నది ఏంట్రా అని. ఫోన్‌లో ఆమెకి చెప్పలేదు గానీ, అతను కూర్చుని లెక్క తేల్చాడు. పోయినవి తేలికగానే తేలాయి. పని పోయింది, పేరు పోయింది, ఆ గొంతు పోయింది. ఒకావిడ మణికట్టు విరిగింది. అది తన ఖాతాలోదే, ఇంకెవరి మీదా వేయడానికి లేదు. వచ్చిన వైపు ఒక్కటే ఉంది. ఎక్కడో ఒక బస్సు డ్రైవరు ఆ మధ్యాహ్నం సూది వేయించుకోలేదు. వేరే మందుతో కోలుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు, మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడట. అతని ముఖం ఇతను చూడలేదు. ఇతని పేరు అతనికి తెలియదు. వ్యాపారంలో ఇలాంటిదాన్ని లాభం అనరు. అయినా అటూ ఇటూ మళ్ళీ కూడి చూసుకున్నాడు. చేతిలో మిగిలింది ఆ ఒక్క మనిషే. తక్కువేం కాదనుకున్నాడు.